కొరియా పాత ఊళ్ళు, హానోక్ ఇళ్ళు: అపోహలు - వాస్తవాలు

కొరియన్ డ్రామాలు చూసి మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఇవే, అందుకే ఒకచోట రాసేస్తున్నా. హానోక్ అంటే కొరియా పాత పద్ధతి చెక్క ఇల్లు. పాత చెక్క ఇళ్ళ రిపేర్లు నా ఫీల్డ్, అంటే వాసాలు లెక్కపెట్టడమే నా ఉద్యోగం అన్నమాట.

అపోహ: డ్రామాల్లో కనిపించే పాత ఊళ్ళన్నీ మ్యూజియంలు, కాదంటే షూటింగ్ సెట్లు.
వాస్తవం: అలాంటిది కావాలంటే యోంగిన్‌లో 1974లో తెరిచిన ఫోక్ విలేజ్ ఉంది. ఆందొంగ్ దగ్గర హాహ్వే, గ్యోంగ్‌జు దగ్గర యాంగ్‌దొంగ్ మాత్రం వేరు, 2010లో యునెస్కో లిస్టులోకి ఎక్కాయి గానీ ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్న ఊళ్ళే. హాహ్వేలో ర్యూ వంశం వాళ్ళు వందల ఏళ్ళుగా ఉంటున్నారు, 1592లో జపాన్ దండెత్తినప్పుడు మంత్రిగా చక్రం తిప్పిన ర్యూ సోంగ్‌ర్యోంగ్ వీళ్ళలోని వాడే.

అపోహ: హానోక్ ఇళ్ళని ఒక్క మేకు కూడా కొట్టకుండా కట్టారు.
వాస్తవం: సగమే నిజం. స్తంభానికి, దూలానికి గాడి తీసి ఒకదాంట్లో ఒకటి బిగిస్తారు కరెక్టే, కానీ వాసాలకి ఇనప మేకులు పాతకాలం నుంచీ ఉన్నాయండీ. నన్నడిగితే పైకి చూడ్డం మానేసి స్తంభం అడుగు చూడండి. కింద పెట్టే బండరాయిని చాలా ఇళ్ళలో చదును చెయ్యరు, దాని ఎత్తుపల్లాలు ఎలా ఉంటే అలాగే స్తంభం అడుగున గీత గీసుకుని ఉలితో చెక్కుకుంటూ పోతారు, రెండూ అతుక్కుని కూర్చునేదాకా. స్తంభాన్ని మట్టిలో పాతరు కాబట్టి చెమ్మ ఎక్కడం తక్కువ.

అపోహ: అన్నీ నల్ల పెంకుల బంగళాలే.
వాస్తవం: అవి కలవారివి. మామూలు జనానివి పూరిళ్ళు, కోతలయ్యాక వరిగడ్డితో ఏటా కప్పు కొత్తగా వేసుకోవాల్సిందే. సున్‌చోన్ దగ్గర నాగాన్ కోటలోపలి ఊరు చూస్తే తెలుస్తుంది.

అపోహ: ఓన్‌డోల్ (నేల కింద నుంచి గదిని వెచ్చబెట్టే పద్ధతి) ఉంటే ఇల్లంతా ఒకేలా వెచ్చగా ఉంటుంది.
వాస్తవం: ఇప్పటి అపార్ట్‌మెంట్లలో వేడినీళ్ళ పైపులు కాబట్టి అలా అనిపిస్తుంది. పాత ఇంట్లో పొయ్యి రాజేస్తే పొగ, వేడి గది నేల కింద రాతి పలకల మధ్య సందుల్లోంచి పారి అవతలి పొగగొట్టం నుంచి పోతాయి, అందుకే పొయ్యి వైపు చురుక్కుమంటుంది, దూరంగా ఉన్న మూల చల్లగానే ఉంటుంది, ఆ వెచ్చని చోటు పెద్దవాళ్ళకి, చుట్టాలకి. అందరూ దీని గురించే మాట్లాడతారు గానీ పక్కనే ఉండే చెక్క నేల హాలు, కొరియన్‌లో 'మారు' అంటారు, దాని కింద ఖాళీగా ఉండి గాలి ఆడుతుంది, వేసవంతా అక్కడే. చలికి ఒకటి, ఉక్కపోతకి ఒకటి ఒకే కప్పు కింద పెట్టడం, అదీ అసలు తెలివి.

అపోహ: సియోల్‌లో బుక్‌చోన్ ఇళ్ళు 600 ఏళ్ళ నాటివి.
వాస్తవం: పేట పాతది, ఇప్పుడు కనిపించే ఇళ్ళు ఎక్కువగా 1930ల్లో జోంగ్ సెగ్వోన్ లాంటి బిల్డర్లు పెద్ద స్థలాలు ముక్కలు చేసి వరసగా కట్టి అమ్మినవి. అందుకే చిన్న వాకిళ్ళు, కిటికీలకి గాజు. అలాగని విలువ తక్కువేం కాదు. వెళ్ళేవాళ్ళు టైం చూసుకోండి, అక్కడ కూడా జనం ఉంటున్నారు, రెడ్ జోన్‌లో, అంటే టూరిస్టులకి టైం పెట్టిన వీధుల్లో, సాయంత్రం 5 నుంచి ఉదయం 10 దాకా టూరిస్టులు తిరిగితే 2025 మార్చి నుంచి లక్ష వోన్ (కొరియా కరెన్సీ) ఫైన్.