వీధిలో ఆడేవాళ్ల కథ స్టేజీ ఎక్కితే: ప్రేక్షకుల గురించి అపోహలు - వాస్తవాలు

నాటకంలో నటులకు లైట్ల వెలుగులో జనం ముఖాలు సరిగ్గా కనిపించవు. డైరెక్టరు వింగ్‌లో ఉంటాడు. స్టేజీ కింద ఒక పక్కగా హార్మోనియం ముందు కూర్చునే నాకు మాత్రం మొదటి ఏడెనిమిది వరుసలు బాగా కనిపిస్తాయి. ఎవరు ముందుకు వంగారు, ఎవరు ఫోన్ తీశారు, ఎవరు పక్కవాళ్ల చెవిలో ఏదో చెప్పారు, అన్నీ తెలుస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముప్పై ఏళ్లుగా పద్యనాటకాలకూ సాంఘిక నాటకాలకూ ఇట్లాగే కూర్చుని వాయిస్తున్నాను.

ఈ మధ్య మా బృందం ఒక కొత్త సంగీత నాటకం కట్టింది. వీధుల్లో ఆడి పాడి బతికేవాళ్ల కథ. ఒక గంగిరెద్దుల కుటుంబం, తాడు మీద నడిచే దొమ్మరి పిల్ల, ఆ పిల్ల కోసం డోలు కొట్టే తల్లి, డమరుకం మోగిస్తూ జోస్యం చెప్పే బుడబుక్కల ముసలాయన, బుర్రకథ దళంలో వంత పాడి మానేసిన ఒకావిడ. పాటలకు బాణీలు నేనే కట్టాను. నెల్లూరు పురమందిరంలో ఆడాం, ఒంగోలులో ఆడాం, తర్వాత కొన్ని పల్లెల్లో ఆడాం. ఆడే ముందూ ఆడాకా తోటి కళాకారుల దగ్గర విన్న మాటలు ఇవి. కొన్నింటిని నేనూ చాలాకాలం నమ్మాను.

అపోహ: చప్పట్లు పడలేదంటే పాట నచ్చలేదు.

మొదటి ప్రదర్శనలో దొమ్మరి పిల్ల పాట అయిపోయాక హాలంతా నిశ్శబ్దం. ఒక్క చప్పట్టు లేదు. తల్లి వేషం వేసిన అమ్మాయి ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చి, "పాట పడుకుందా మాస్టారూ?" అని అడిగింది. కళ్లలో నీళ్లు.

ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఎక్కడ చప్పట్లు కొట్టాలో జనానికి చెప్పేది మన సంగీతమే. పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం తీసి పై షడ్జం, అంటే పై 'స' మీద నిలబడతాడు. హార్మోనియం వెంట పోతుంది. తబలా ముక్తాయింపు, అంటే ముగింపు దరువు వేస్తుంది. ఆ ముక్తాయింపే సైగ. తాతల కాలం నుంచి పద్యాలు వింటున్న ఊళ్లలో ఆ సైగ పడగానే చేతులు వాటంతట అవే కలుస్తాయి. ఈ పాటను నేను కావాలనే పంచమం, అంటే 'ప' మీద వదిలేశాను. పిల్ల తాడు నడుమకు వచ్చేసరికి డోలు ఆగిపోతుంది. షడ్జానికి రావడం లేదు, ముక్తాయింపు లేదు. ఇక చప్పట్లకు చోటెక్కడ?

ఆ నిమిషంలో నేను చూసింది వేరు. మూడో వరుసలో వీడియో తీస్తున్నతను ఫోన్ మెల్లగా కిందికి దించాడు. పక్కన ఒక తల్లి, కుర్చీలో కూర్చున్న తన పిల్లను లాగి ఒళ్లో పెట్టుకుంది. ఇంకో ఇద్దరు తల పైకెత్తి చూస్తున్నారు. మా స్టేజీ మీద తాడు నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉంది. వాళ్లు చూస్తున్నది అంతకంటే చాలా పైకి.

అయినా ఆ అమ్మాయి పట్టుబట్టిందని రెండో ప్రదర్శనలో ముక్తాయింపు పెట్టి చూశాం. చప్పట్లు మోగాయి, ఈలలు కూడా పడ్డాయి. కానీ ఆ వెంటనే తల్లి చిల్లర లెక్కపెట్టే సీన్ ఉంది. అప్పుడు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చప్పట్లతో టెన్షన్ అంతా బయటికి పోయింది, చిల్లర చప్పుడు ఎవరూ వినలేదు. మూడో ప్రదర్శనకు ముక్తాయింపు తీసేశాం. తీసేద్దామని అడిగింది ఆ అమ్మాయే.

కొత్తగా బాణీలు కట్టే వాళ్లకు నా సలహా ఒకటే. పాట పండిందో లేదో చప్పట్లను బట్టి తేల్చుకోవద్దు. పాట తర్వాత వచ్చే మొదటి డైలాగు వెనక వరుసలోకి పోయిందో లేదో చూసుకోండి.

అపోహ: వన్స్ మోర్ కొడితే కథ చెడిపోతుంది.

కొత్త డైరెక్టర్లకు ఈ భయం ఎక్కువ. అందుకే చాలామంది పాటలను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వస్తున్నారు. ట్రాక్ పెడితే ఖర్చు తక్కువన్నది నిజమే. పది ఊళ్లు తిరిగే బృందానికి ఆ లెక్క ఎంత బరువో నాకు తెలుసు. కానీ ట్రాక్ జనం కోసం ఆగదు. జనం నవ్వుతుంటే నవ్వు మీదే పాట ఎక్కేస్తుంది. వాళ్లు "మళ్లీ పాడండి" అంటే వినిపించుకోదు.

వీధిలో ఆడేవాళ్లకు జనం అడగడమే జీవనం. బుర్రకథలో నడుమ తంబూరాతో కథకుడు, ఇటొకరు అటొకరు గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఎదుట కూర్చున్న జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఉస్సురన్నారో పట్టుకుని దాన్ని కథలో కలిపేయడం వాళ్ల పని. జనం ఉషారుగా ఉంటే కథ పెరుగుతుంది, అలిసిపోతే తగ్గుతుంది. అట్లాంటి వాళ్ల మీద నాటకం రాసి, జనం నోరు మూసుకుని కూర్చోవాలని కోరుకోవడం నాకు సబబుగా అనిపించలేదు.

అందుకని రెండు పాటలకు ఒక్కో అదనపు చరణం రాయించి పక్కన పెట్టుకున్నాం. వన్స్ మోర్ వస్తే పాత చరణం మళ్లీ పాడం. ఈ కొత్త చరణం పాడతాం, దానితో కథ ఒక అడుగు ముందుకు పోతుంది. ఒంగోలులో గంగిరెద్దు పాటకు వన్స్ మోర్ గట్టిగా వచ్చింది. అప్పుడు దాచుకున్న చరణం తీశాం. ఇంటాయన అప్పు ఎప్పుడు తీరుతుందని ఎద్దును అడిగితే, ఎద్దు తల ఊపకుండా ఊరికే నిలబడుతుంది. వన్స్ మోర్ అన్నవాళ్లే ఉన్నట్టుండి నిశ్శబ్దమయ్యారు. వాళ్లు అడక్కపోతే ఆ చరణం ఆ రోజు బయటికి వచ్చేదే కాదు.

అపోహ: నిజం ఎద్దు లేకపోతే జనం నవ్వుతారు.

నవ్వారు, మొదటి అర నిమిషం. వెదురు చట్రం, దాని మీద రంగు గుడ్డలు, లోపల ఇద్దరు కుర్రాళ్లు. సన్నాయి మొదలై ఎద్దు మెడ తిప్పగానే "డూడూ బసవన్నా" అని పిల్లలే అందుకున్నారు. పామును మాత్రం అసలు చూపించలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పాములాడించేవాళ్ల బతుకు ఏమైందో ఒక ఖాళీ బుట్టతో చెప్పించాం. ఆ బుట్ట మూత తీసేటప్పుడు ముందు వరుసలోని వాళ్లు కాళ్లు వెనక్కి లాక్కోవడం ప్రతి ఊళ్లోనూ చూశాను.

అపోహ: వీధి కళాకారుల కథంటే జనాన్ని ఏడిపించాలి.

ఈ అపోహ మీద నాకు కోపం ఉంది. స్క్రిప్టు వినిపించినప్పుడు ఒక పెద్ద నటుడు, "కన్నీళ్లు తక్కువయ్యాయి" అన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు కన్నీళ్ల కోసం రాలేదు. వాళ్లకు ఈ కళ ఇంటి ముందుకు వచ్చిన కళ. నలభై ఏళ్లు దాటిన ఎవరిని అడిగినా ఒక బుడబుక్కలాయన, ఒక హరిదాసు, ఒక పగటివేషం గుర్తుంటాయి. వాళ్లు మమ్మల్ని పరీక్షించడానికి కూర్చుంటారు. డమరుకం దరువు సరిగ్గా ఉందా, ఎద్దు మీద గుడ్డలు సరైనవేనా, సోది చెప్పే ఎరుకలసాని మాట అట్లాగే ఉందా అని చూస్తారు. సరిపోతే ముఖం వెలుగుతుంది. పట్టపగలు ఊరి నడుమ బజారులో, నాలుగు వైపులా జనం మధ్య వేషం నిలబెట్టడం ఎంత కష్టమో స్టేజీ వాళ్లమైన మాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు.

పొదిలి వైపు ఒక పల్లెలో ఆట అయిపోయాక, ఒక పెద్దాయన హార్మోనియం మూస్తున్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయనది బుడబుక్కల కుటుంబమే. "ఆట బో బాగుండాది సామీ. కానీ మీవోడు మిట్టమద్దేనం వచ్చె. మేం తెల్లారకముందే ఊళ్లోకి వస్తాం. మిట్టమద్దేనం చెప్పే జోస్యం ఎవురు నమ్ముతారు?" అన్నాడు. అంత వెలుగులో ఆ సీన్ పెట్టడం మా తప్పే. మరుసటి ప్రదర్శన నుంచి లైట్లన్నీ తీసేశాం. చీకట్లో చాలాసేపు డమరుకం ఒక్కటే దూరం నుంచి వినిపిస్తుంది. తర్వాత "అంబ పలుకు జగదంబ పలుకు" అనే గొంతు. ఆ తర్వాతే ఒక లాంతరు. ఇప్పుడు ఆ చీకట్లో, మనిషి కనిపించకముందే, వరుసల్లోంచి "బుడబుక్కలోడు" అని పెద్దవాళ్లు పిల్లలకు మెల్లగా చెప్పడం నాకు వినిపిస్తుంది. మా నాటకం గురించి నాకు దొరికిన అన్నిటికంటే పెద్ద విమర్శ ఆ పెద్దాయనదే.

జాలి చూపిస్తే ఇంకో నష్టం ఉంది. వీళ్లను ఎవరు ఎట్లా చూశారన్న సంగతి మరుగున పడిపోతుంది. సంచారం చేసే అనేక కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన 1871 నాటి చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన కావలిలోనే అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్ల ఆధ్వర్యంలో, ఆ కులాలవాళ్లను నిఘాలో ఉంచే సెటిల్మెంట్ నడిచింది. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. అటు 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, బహిరంగ స్థలంలో పాట, ఆట, జోస్యం పేరుతో డబ్బులు తీసుకోవడాన్ని కూడా అడుక్కోవడం కిందే లెక్కగట్టింది. ఢిల్లీలోనూ అదే చట్టం ఉండేది. అక్కడ అడుక్కోవడాన్ని నేరం చేసిన సెక్షన్లను 2018లో హైకోర్టు కొట్టేసింది. నాటకంలో ఒక కానిస్టేబుల్ ఆ బొంబాయి చట్టం నిర్వచనాన్ని చదువుతాడు. పురమందిరంలో అది విని వెనక నుంచి ఒకాయన లేచి, "పాట పాడి డబ్బులు తీసుకుంటే నేరమైతే, టికెట్ పెట్టినోళ్ల సంగతేందయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్న మా స్క్రిప్టులో లేదు. ఇప్పుడు ఉంది.

అపోహ: టౌన్‌లో చదువుకున్న ప్రేక్షకులు వీధి యాసను ఒప్పుకోరు.

నెల్లూరులో కూర్చుని ఈ మాట అనకూడదు. నెల్లూరు నాటక రంగాన్ని పెంచిన వేదం వేంకటరాయశాస్త్రి గారు 1897లోనే తన ప్రతాపరుద్రీయం నాటకంలో పాత్రకు తగిన భాష పెట్టారు. చాకలి పేరిగాడు తన మాట తాను మాట్లాడతాడు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరుగుతాడు. వీధిని, వీధి మాటను ఇక్కడి ప్రేక్షకులు నూరేళ్లకు పైగా స్టేజీ మీద చూస్తూనే ఉన్నారు. జనానికి నచ్చనిది యాస కాదు, యాసను వెక్కిరిస్తూ పలికే నటుడు. అది వాళ్లకు మొదటి మాటలోనే తెలిసిపోతుంది.

అపోహ: సినిమా బాణీ లేకపోతే పల్లెల్లో నిలబడరు.

ఒక ఊళ్లో మాత్రమే ఈ ప్రయత్నం చేశాం. జనం పాటతో గొంతు కలిపారు, చాలా సంతోషించారు. కానీ వాళ్లు పాడుకున్నది ఆ సినిమా మాటలు, మా మాటలు కావు. తర్వాత ఆ బాణీ తీసేశాం.

అపోహ: స్టేజీ మీంచి దిగి జోలె పడితే ప్రేక్షకులు ఇబ్బంది పడతారు.

పడతారు, నిజమే. గంగిరెద్దుల వేషం వేసిన కుర్రాడు చివరి పాటలో ఎద్దును తోలుకుని జనంలోకి దిగుతాడు. అది నటన అని అందరికీ తెలుసు. అయినా కొందరి చెయ్యి జేబులోకి పోతుంది, కొందరి చూపు ఫోన్‌లోకి పోతుంది. రోడ్డు మీద ఏం చేస్తామో హాల్లోనూ అదే చేస్తాం. ఈ సీన్ తీసేయమని మంచి కోరేవాళ్లే చెప్పారు. నాటకాల్లో నూటపదహార్లు చదివించి మైకులో పేరు చెప్పించుకోవడం మనకు గౌరవం, జోలెలో వేయడం మాత్రం భిక్షం. ఈ తేడా ఎందుకొచ్చిందో ప్రేక్షకుల ముందు పెట్టాలని నేను పట్టుబట్టాను.

కోవూరు దగ్గర ఒక ఊళ్లో రామాలయం ముందు ఆడినప్పుడు, ఆ పాట మొదలవగానే ముందు వరుసలోంచి ఒక అవ్వ లేచి వెళ్లిపోయింది. నచ్చలేదేమో అనుకున్నాను. ఆమె ఇల్లు గుడి ఎదురుగానే ఉంది. రెండు నిమిషాల్లో చేటలో బియ్యం, వాటి మీద మడతపెట్టిన పాత పంచె పెట్టుకుని వచ్చింది. తిన్నగా ఎద్దు ముందుకు వచ్చి నిలబడింది. మా కుర్రాడు కాలేజీలో చదువుకుంటూ నాటకాలు వేసేవాడు. ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు.

"అట్టా చూస్తావేంది నాయనా? జోలె పట్టు. ఎద్దు చేత దండం పెట్టీ" అంది అవ్వ.

లోపల ఉన్న ఇద్దరూ విన్నారు. వెదురు మెడ నేలకు వంగింది. నేను పాట ముగించే చోటికి వచ్చేశాను, కానీ ముగించలేదు. చేటలో ఆఖరి గింజ జోలెలో పడేదాకా ఆ పల్లవినే తిప్పి తిప్పి వాయించాను.