కుస్తీలో వేస్తే పిల్లాడు ఎదగడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"మాస్టారూ, వీడికి పదకొండేళ్లు. ఇప్పుడే కుస్తీలో వేస్తే ఎదుగుదల ఆగిపోదూ?"

విజయవాడలో పిల్లలకు రెజ్లింగ్ నేర్పుతాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒక నాన్న ఈ ప్రశ్నతోనే వస్తాడు. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, ఇంట్లోవాళ్ల భయాలు చాలావరకు లేనిపోనివి. నిజంగా భయపడాల్సినదాని గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు.

అపోహ: కుస్తీ పడితే పొట్టివాళ్లయిపోతారు.

ఎత్తు ముందు అమ్మానాన్నల నుంచి వస్తుంది. ఆ తర్వాత తిండి, నిద్ర. మనకు కనిపించే పొట్టి, గట్టి పహిల్వాన్లు తక్కువ బరువు విభాగాల్లో ఆడేవాళ్లు. 125 కిలోల విభాగంలో ఆడేవాళ్లను ఒక్కసారి చూడండి, మన గుమ్మాల్లోంచి తల వంచుకుని రావాల్సినవాళ్లే ఎక్కువ.

అపోహ: టీవీలో వచ్చే రెజ్లింగే ఇది.

మొదటి రోజే ఒకడు "కుర్చీలు ఎక్కడున్నాయి సార్?" అని అడిగాడు! టీవీలో వచ్చేది ముందే అనుకుని ఆడే ఆట. ఇక్కడ గుద్దడం, గొంతు నులమడం, వేళ్లు విరవడం, జుట్టు లాగడం అన్నీ తప్పే. 9 మీటర్ల వలయంలో ఎదుటివాడి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి పట్టి ఉంచితే ఆట ముగిసినట్టే. మనం మామూలుగా "చిత్తు చేశాడు" అంటాం చూడండి, సరిగ్గా అదే.

అపోహ: ఫ్రీస్టైల్ అయినా గ్రీకో-రోమన్ అయినా ఒకటే.

ఫ్రీస్టైల్‌లో కాళ్లు కూడా పట్టొచ్చు. గ్రీకో-రోమన్‌లో నడుము కింద చెయ్యి వేయకూడదు, కాలితో మెలిక కూడా వేయకూడదు. దాంతో అక్కడ ఛాతీకి ఛాతీ ఆనించి ఎత్తి పడేయడమే ప్రధానం. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల తేడా వస్తే, గ్రీకో-రోమన్‌లో 8 వస్తే ఆట అక్కడితో ఆపేస్తారు. 1952లో హెల్సింకీలో కె.డి. జాదవ్ తెచ్చిన కాంస్యం నుంచి 2024లో పారిస్‌లో అమన్ సెహ్రావత్ తెచ్చినదాకా, రెజ్లింగ్‌లో మనకొచ్చిన ఒలింపిక్ పతకాలన్నీ ఫ్రీస్టైల్‌వే. నేను అందరికీ ఫ్రీస్టైల్‌తోనే మొదలుపెడతాను. చిన్నపిల్లాడికి మనిషిని ఎత్తి పడేయడం కన్నా కాలు పట్టడం ముందు వస్తుంది.

గుంటూరు వైపు పల్లెల నుంచి వచ్చే కబడ్డీ పిల్లలకు కాలు పట్టడం పుట్టుకతోనే వచ్చినట్టుంటుంది. వాళ్ల చిక్కల్లా ఒక్కటే, నడుము వంచి చేతులు చాపేస్తారు. కుస్తీలో అలా వస్తే ఎదుటివాడు మెడ మీద బరువు వేసి బోర్లా పడేస్తాడు. చేతుల కన్నా ముందు మోకాలు దిగాలి, వీపు నిటారుగా ఉండాలి, తల పైకెత్తి ఎదుటివాడి డొక్కకు ఆనించాలి. ఇది అలవాటవడానికి కొందరికి నెల పడుతుంది. అంతకు ముందు మూడు వారాలు నేను నేర్పేది పడటమే. ముందుకు దొర్లడం, గడ్డం గుండెకు ఆనించి వెనక్కి పడటం, మెడ బలం పెంచడం, దండీలు, బస్కీలు. "ఇంకా పట్టు నేర్పలేదా?" అని కొందరు తండ్రులు విసుక్కుంటారు. పడటం రానివాడికే చేతులు విరుగుతాయండీ.

అపోహ: ఆడపిల్లలకు ఇదెందుకు?

ఒలింపిక్స్‌లో 2004 నుంచి మహిళల ఫ్రీస్టైల్ ఉంది. 2016లో సాక్షి మలిక్ కాంస్యం తెచ్చింది. దీని మీద ఇంకా వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: పోటీ ముందు కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం ఆటలో భాగమే.

ఎవరూ అడగని సంగతి ఇదే. నా పదహారో ఏట బరువు చూసే రోజుకు నేను నా విభాగానికి రెండు కిలోలు ఎక్కువున్నాను. నాకు నేర్పిన పెద్దాయన మే నెలలో రెయిన్‌కోటు తొడిగించి కృష్ణ కట్ట మీద పరుగెత్తించాడు. రాత్రి మంచినీళ్లు కూడా లేవు, సీసాలో ఉమ్మి వేస్తూ కూర్చున్నాను. పొద్దున్న తూకంలో సరిపోయాను. మొదటి బౌట్‌లో నిమిషం తిరక్కుండానే పిక్కలు పట్టేసి చిత్తయ్యాను. అప్పట్లో అది నా చేతకానితనం అనుకున్నాను.

1997లో అమెరికాలో నెల రోజుల పైచిలుకులో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలాగే చెమటలు కక్కి బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ పోటీల్లో చెమట పట్టించడానికి తొడిగే రబ్బరు సూట్లను నిషేధించారు. పారిస్‌లో వినేశ్ ఫోగట్‌ను ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువుందని పక్కన పెట్టారు. చుట్టూ డాక్టర్లు, కోచ్‌లు ఉన్న మనిషికే అలా జరిగింది. ఏడో తరగతి పిల్లాడితో ఆ జూదం ఎందుకు?

మా దగ్గర పిల్లలు కడుపునిండా తిన్నప్పుడు ఎంత బరువుంటే ఆ విభాగంలోనే దిగుతారు. పోయినేడు జిల్లా సెలెక్షన్స్ ముందు రోజు ఒక తల్లి ఫోన్ చేసి "రెండు ఇడ్లీలతో సరిపెట్టాను, చాలా మాస్టారూ?" అంది. ఇంకో రెండు పెట్టమన్నాను.

అపోహ: ముద్దయిన చెవే పహిల్వాన్‌కు గుర్తు.

నా ఎడమ చెవి అలాంటిదే. ఇయర్‌ఫోన్ నిలవదు. రాపిడికి చర్మానికీ మృదులాస్థికీ మధ్య రక్తం చేరుతుంది. త్వరగా డాక్టరుతో తీయించి కట్టు కట్టించకపోతే గట్టిపడి అలాగే ఉండిపోతుంది. చెవి వాచిందంటే ఆ రోజే చెప్పమంటాను. ప్రాక్టీసులో చెవులకు కవచం పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. తామర కూడా దాచకూడదు. ఒకడికి వస్తే మ్యాట్ మీద బ్యాచ్ అంతటికీ అంటుకుంటుంది. అందుకే మ్యాట్ రోజూ మందునీళ్లతో తుడుస్తాం, ఎవరి తువ్వాలు వాళ్లదే.

ఏ క్లబ్బులో వేసినా ముందు ఒక సాయంత్రం వెళ్లి కూర్చుని చూడండి. మ్యాట్ తుడుస్తున్నారా, ఒకే బరువు పిల్లల్ని జత కడుతున్నారా అన్నది గమనించండి. కూర్చోనివ్వకపోతే వచ్చేయండి. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 విభాగాలుంటాయి కాబట్టి పుట్టినతేదీ సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకోండి. బూట్లకు మొదటి నెలలో తొందరేం లేదు. జిప్పులు లేని ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు.

మొదట్లో చెప్పిన నాన్న ఇదంతా విని, "సరే మాస్టారూ, రేపు తీసుకురానా?" అన్నాడు. పిల్లాడి చెయ్యి పట్టుకుని చూశాను.

"ముందు గోళ్లు కత్తిరించి తీసుకురండి."