మాజీ ప్రధానులపై కేసులు: పడిన ఒక్క శిక్షా నిలవలేదు

మాజీ ప్రధానిపై క్రిమినల్ కేసు అనగానే మన దేశంలో వాదన రెండు మాటల్లో తేలిపోతుంది. చట్టం ముందు అందరూ సమానమేనని ఒకరంటారు, ఇది కక్ష సాధింపని మరొకరంటారు. ప్రభుత్వం మారగానే ఇద్దరూ మాటలు మార్చుకుంటారు. ఈ గోలలో మరుగున పడేది అసలు చరిత్ర.

రాజ్యాంగంలోని 361వ అధికరణ రాష్ట్రపతికీ గవర్నర్లకూ పదవిలో ఉన్నంతకాలం క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ప్రధానికి ఆ రక్షణ లేదు. ఇవ్వాలన్న ప్రయత్నం మాత్రం ఒకసారి జరిగింది. ఎమర్జెన్సీ విధించిన కొద్ది వారాలకే, 1975 ఆగస్టు 9న, 41వ సవరణ బిల్లును రాజ్యసభ ఆమోదించింది. పదవి చేపట్టక ముందు చేసిన పనులకైనా సరే, పదవిలో ఉండగా చేసిన వాటికైనా సరే, ప్రధానిపై జీవితాంతం క్రిమినల్ కేసు నడవకూడదన్నది దాని సారాంశం. ఎందుకోగాని అది లోక్‌సభ ముందుకు రానేలేదు. వచ్చి ఉంటే ఈ కథనానికి పనే ఉండేది కాదు.

ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్న 1975 నాటి అలహాబాద్ హైకోర్టు తీర్పును చాలామంది ఈ కోవలోనే చేరుస్తుంటారు. అది ఎన్నికల పిటిషన్, క్రిమినల్ కేసు కాదు. ఇందిరాగాంధీపై అసలైన క్రిమినల్ చర్య 1977 అక్టోబరు 3న మొదలైంది. ఆ సాయంత్రం సీబీఐ అధికారులు ఆమె ఇంటికి వెళ్తే, సంకెళ్లు వేస్తే తప్ప కదలనని పట్టుబట్టారు. ఎన్నికల ప్రచారానికి జీపుల సేకరణ, ఒక ఫ్రెంచి చమురు కంపెనీకి ఇచ్చిన కాంట్రాక్టు అందులోని ఆరోపణలు. హర్యానా వైపు తీసుకెళ్తుంటే దారిలో రైల్వే గేటు పడింది. ఆమె కారు దిగి అక్కడి కల్వర్టు మీద కూర్చున్నారు. చివరికి ఢిల్లీకే తిప్పి తీసుకొచ్చారు. మర్నాడు మేజిస్ట్రేటు, నిర్బంధానికి తగిన ఆధారాలు లేవని విడిచిపెట్టారు. ఎమర్జెన్సీ అకృత్యాలు ఊరూరా కళ్ల ముందు కనబడుతుండగా, జీపుల లెక్కతో ఆమెను పట్టుకోబోవడం, ఆమెను ఓడించి వచ్చిన జనతా ప్రభుత్వపు తొందరపాటుకు కొలమానం. ఏడాది తిరిగేసరికి ఆమె చిక్కమగళూరు నుంచి లోక్‌సభకు గెలిచి వచ్చారు. ఎమర్జెన్సీ నాటి నేరాల విచారణకు ప్రత్యేక కోర్టుల చట్టం 1979లో వచ్చినా, 1980 జనవరిలో ఆమె మళ్లీ ప్రధాని కావడంతో ఆ కేసులన్నీ అటకెక్కాయి.

మాజీ ప్రధాని నిజంగా విచారణ ఎదుర్కొని, దోషిగా తేలిన కేసు ఒక్కటే. అది పి.వి. నరసింహారావుది.

1993 జులై 28న లోక్‌సభలో పీవీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానానికి ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. గట్టెక్కడానికి మైనారిటీ ప్రభుత్వానికి మరో 14 మంది అవసరమయ్యారు, సరిగ్గా సమయానికి దొరికారు. వారిలో ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు నలుగురు. తర్వాత సీబీఐ తవ్వితే బయటపడిన వాటిలో, ఢిల్లీలోని నౌరోజీ నగర్ బ్యాంకు శాఖలో ఆ ఎంపీల పేర్ల మీద వేసిన డిపాజిట్లు ఉన్నాయి. లంచమని చెబుతున్న సొమ్మును ప్రభుత్వ బ్యాంకులో దాచుకున్న ధీమాను ఏమనాలో తెలియదు.

లంచమిచ్చి ఎంపీల ఓట్లు కొన్నారన్న ఫిర్యాదు సీబీఐకి చేరింది 1996లో. మే నెలలో పీవీ అధికారం కోల్పోయారు. ఆ తర్వాతే దర్యాప్తు ఊపందుకుంది. నిందితులంతా సుప్రీంకోర్టుకు వెళ్లారు. సభలో వేసిన ఓటు విషయంలో ఎంపీపై ఏ కోర్టులోనూ చర్య ఉండదని 105వ అధికరణ రెండో క్లాజు చెబుతోంది కదా అన్నది వారి వాదన. 1998 ఏప్రిల్ 17న రాజ్యాంగ ధర్మాసనం 3-2 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. డబ్బు తీసుకుని ఓటు వేసిన ఎంపీలకు రక్షణ ఉంది. డబ్బు తీసుకున్నా ఓటు వేయకుండా ఉండిపోయినవారికి లేదు. ఇచ్చినవారికి అసలే లేదు. అంటే అమ్ముడుపోయి మాట నిలబెట్టుకున్నవాడు క్షేమం! లంచం పుచ్చుకోవడంతోనే నేరం పూర్తవుతుంది, ఓటుతో దానికి సంబంధం లేదని జస్టిస్ ఎస్.సి. అగర్వాల్, జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్ చెప్పినా వారిది మైనారిటీ అభిప్రాయంగా మిగిలిపోయింది.

దాంతో పుచ్చుకున్నవారు తప్పుకున్నారు, ఇచ్చారన్న ఆరోపణతో పీవీ బోనులో మిగిలారు. 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక కోర్టు ఆయననూ కాంగ్రెస్ నేత బూటా సింగ్‌నూ దోషులుగా నిర్ధారించి, అక్టోబరు 12న మూడేళ్ల కఠిన శిక్ష విధించింది. కేసుకు ప్రధాన ఆధారం అప్రూవర్‌గా మారిన ఎంపీ శైలేంద్ర మహతో సాక్ష్యం. ఆ సాక్ష్యంలో పొంతన లేదని, నమ్మదగింది కాదని 2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. వి.పి. సింగ్‌ను ఇరికించడానికి నకిలీ పత్రాలు సృష్టించారన్న సెయింట్ కిట్స్ ఫోర్జరీ కేసులో పీవీకి అంతకుముందే విముక్తి దొరికింది. ప్రవాస వ్యాపారి లఖూభాయ్ పాఠక్ పెట్టిన మోసం కేసు 2003 డిసెంబరు 22న వీగిపోయింది. ఏడాది దాటగానే, 2004 డిసెంబరు 23న, పీవీ కన్నుమూశారు. చివరి ఎనిమిదేళ్లూ కోర్టుల చుట్టూనే తిరిగాయి. సొంత పార్టీ 1998లో టికెట్టు కూడా ఇవ్వలేదు.

1998 నాటి తీర్పును సరిదిద్దడానికి దాదాపు 26 ఏళ్లు పట్టింది. దాన్ని కదిలించిన కేసు కూడా అదే కుటుంబం నుంచి రావడం చిత్రం. నాటి నలుగురు ఎంపీల్లో ఒకరైన శిబు సోరెన్ కోడలు సీతా సోరెన్, 2012 రాజ్యసభ ఎన్నికల్లో లంచం తీసుకున్నారన్న కేసులో తన మామకు దక్కిన రక్షణే తనకూ కావాలన్నారు. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న ఏకగ్రీవంగా కాదంది. పాత తీర్పు చెల్లదంది. మైనారిటీగా మిగిలిపోయిన మాటే చట్టమైంది. అదే నెల 30న రాష్ట్రపతి భవన్‌లో పీవీకి మరణానంతర భారతరత్న అందజేశారు.

మిగిలిన ఇద్దరి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. స్వీడన్ ఫిరంగుల కొనుగోలులో ముడుపులు ముట్టాయన్న బోఫోర్స్ కేసు చార్జిషీటులో 1999లో రాజీవ్ గాంధీ పేరు చేరేనాటికి ఆయన చనిపోయి ఎనిమిదేళ్లు దాటింది. 2004 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆయనపై లంచం ఆరోపణను కొట్టివేసింది. బొగ్గు గనుల కేటాయింపు కేసులో మన్మోహన్ సింగ్‌కు 2015 మార్చి 11న ప్రత్యేక కోర్టు సమన్లు ఇచ్చింది. ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇచ్చింది. విచారణ ఎదుర్కోకుండానే ఆయన 2024లో మరణించారు.

ఈ వరుస చూస్తే నాకు కనబడేది రక్షణ కవచం కాదు, ఆలస్యం. పదవిలో ఉండగా ఎవరూ కదలరు. పదవి పోయాక అందరూ ఒక్కసారిగా కదులుతారు. అప్పటికి సాక్షులు మాట మారుస్తారు, కేసు రాజకీయమవుతుంది. అవినీతి ఫిర్యాదులను విచారించే లోక్‌పాల్ వ్యవస్థను తెచ్చిన చట్టం ప్రధానిని 2013లో తన పరిధిలోకి తెచ్చింది, అదీ విదేశీ వ్యవహారాలు, భద్రత, అణుశక్తి, అంతరిక్షం వంటివి మినహాయించి. విచారణ మొదలుపెట్టాలంటే లోక్‌పాల్ పూర్తి బెంచ్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ మరో తాళం వేసింది. అంతకుముందు పదవి దిగినవారిపై ఆ చట్టం కింద కేసు నడపడానికి ముందస్తు అనుమతి అవసరం ఉండేది కాదు. ఇప్పుడు పదవిలో చేసిన పనికి సంబంధించిన కేసైతే, మాజీలకూ ఆ అనుమతి తప్పనిసరి.