షాపు మునిగితే సగం క్లెయిమే ఎందుకొస్తోంది?

షాపుల్లోకి వరద నీళ్ళొచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ లేస్తుంది. పాలసీ ఉంది, ప్రీమియం కట్టాం, సరుకంతా తడిసి పాడైపోయింది, తీరా చేతికొచ్చింది సగం కూడా లేదు అని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ముంచెత్తింది, అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగింది. ఆ గండ్లు, క్యూసెక్కుల కథ అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వదిలేసి అసలు సంగతికి వస్తాను.

నా ఉద్దేశంలో ఈ తగాదా అంతా పాలసీలో ‘సమ్ ఇన్సూర్డ్’, అంటే ఎంత విలువకి ఇన్సూరెన్స్ చేశారో చెప్పే గడిలో అంకె వేసిన రోజే మొదలవుతుంది. చిన్న వ్యాపారుల్లో చాలామంది ఆ అంకె తామే వేయరు. సరుకు మీద ఇచ్చే వ్యాపార అప్పు, అదే సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళే పాలసీ చేయిస్తారు, ప్రీమియం ఖాతాలోంచి కట్ అవుతుంది, కాగితాలు బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతాయి. బ్యాంకు చూసుకునేది తన అప్పు సంగతి, అందుకే చాలాసార్లు ఆ అంకె లోన్ లిమిట్ దగ్గరే ఆగిపోతుంది. షాపులో సరుకు మాత్రం అక్కడ ఆగదు కదా. బుడమేరు వచ్చింది వినాయక చవితికి సరిగ్గా ఆరు రోజుల ముందు, దసరా సరుకు కూడా దిగే రోజులవి.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. షాపులో 20 లక్షల సరుకుంది, పాలసీ 10 లక్షలకే ఉంది, 4 లక్షల సరుకు తడిసింది. 10 లక్షల పాలసీ ఉంది కాబట్టి 4 లక్షలూ వస్తాయనే ఎవరైనా అనుకుంటారు. రావు. సగానికే ఇన్సూరెన్స్ చేశావు కాబట్టి నష్టంలోనూ సగమే అంటారు, అంటే 2 లక్షలు. దీన్నే యావరేజ్ క్లాజు అంటారు. ఈ మాట కొనేటప్పుడు చెప్పేవాళ్ళు తక్కువ, నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చాకే చాలామంది మొదటిసారి వింటారు.

ఇక్కడ నాకు బాగా బాధ కలిగించే విషయం ఒకటుంది. సర్వేయర్ అడిగే కాగితాల్లో కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నులతో పాటు షాపులో ఎంత సరుకుందో బ్యాంకుకి రాసిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ కూడా ఉంటుంది. సరుకు 20 లక్షలకు చేరిందని ఆ స్టేట్‌మెంటే చెబుతుంటుంది, అది నెలనెలా బ్యాంకుకి వెళ్తూనే ఉంటుంది. పాలసీ పెంచుకోమని ఒక్క ఫోన్ చేయడానికి పనికిరాని కాగితం, క్లెయిములో కోత పెట్టడానికి మాత్రం పనికొస్తుంది.

ఈ నిబంధన కొత్తదేం కాదు. ఒకప్పుడు ఇలాంటి పాలసీల (ఫైర్ పాలసీలంటారు) రేట్లు, షరతులు దేశమంతా ఒకే టారిఫ్, అంటే ఒకే పట్టిక ప్రకారం ఉండేవి. 2007 జనవరి నుంచి రేట్లు నిర్ణయించుకునే స్వేచ్ఛ కంపెనీలకిచ్చారు. ప్రీమియం తగ్గించే పోటీ మొదలైంది గానీ యావరేజ్ క్లాజు అలాగే ఉండిపోయింది. అసలు మలుపు 2021 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల దాకా ఉన్నవాళ్ళకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అని రెండు ప్రామాణిక పాలసీలు తెచ్చింది. వరద, తుపాను కవరేజీ అందులోనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, తక్కువకి ఇన్సూరెన్స్ చేసినా తేడా 15 శాతం లోపు ఉంటే కోత పెట్టరు. దాటితే కోత తప్పదు. పండగ సీజన్లో సరుకు రెట్టింపయ్యే షాపుకి ఈ 15 శాతం ఏ మూలకి?

కంపెనీల వాదన కూడా ఉంది. 10 లక్షలకి ప్రీమియం కట్టినవారికి 20 లక్షలకి కట్టినవారితో సమానంగా ఇవ్వలేమంటారు. లెక్కగా చూస్తే సరైనదే, కాకపోతే ఆ 10 ఎవరు రాశారన్న ప్రశ్నకి అందులో జవాబు లేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. షాపు నెలరోజులు మూతపడితే పోయిన రాబడి కూడా ఈ పాలసీలోనే వస్తుందనుకుంటారు. రాదు, దానికి విడిగా పాలసీ తీసుకోవాలి.

వరదకి మూడు నెలల ముందే, 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ కాగితాలు లేవన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదంది, సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలంది. బిల్లుల పుస్తకాలే నీళ్ళలో నానిపోయినవాళ్ళకి ఇది పెద్ద ఊరట. కోత అన్యాయమనిపిస్తే సొంత యాజమాన్యంలోని షాపులు, సూక్ష్మ సంస్థలు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, పరిమితి 50 లక్షలు. వెళ్ళేటప్పుడు బ్యాంకు ఫైల్లో ఉన్న ఆ పాలసీ కాపీ, నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్లు అడిగి తీసుకెళ్ళండి.