తెర మీద అత్తకి వయసెప్పుడొచ్చింది?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం తెలుగిళ్లలో సాయంత్రం సీరియల్ వేళకి టీవీ ముందు చేరేది ఎక్కువగా అత్తలూ మామ్మలే. తెర మీద అత్తగారు రాగానే "ఇదేం అత్తే, కోడలికి అక్కలా ఉంది" అని వాళ్లే నవ్వుతారు. ఇది సీరియళ్లతో మొదలైన తంతు కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. తొలి ఒడియా టాకీ 'సీతా బిబాహ' వచ్చిందీ ఆ ఏడాదే. రెండోది 'లలిత' 1949లో గాని రాలేదు. ఒడియా బొమ్మలే అంత అరుదు, ఇక ఇక్కడి తెలుగువాళ్లకి సొంత భాషలో బొమ్మంటే మద్రాసు నుంచి రావలసిందే. ఆడవాళ్ల వయసుకి కొలత కూడా అక్కడిదే.

ఆ కొలతేమిటో 1962 నాటి 'గుండమ్మ కథ'లో చూడొచ్చు. ఎన్టీఆర్ పుట్టింది 1923 మేలో, ఏఎన్నార్ 1924 సెప్టెంబరులో, సూర్యకాంతం అదే ఏడు అక్టోబరులో. ముగ్గురిలోకీ చిన్నది అత్తగారే! కూతురుగా వేసిన జమున ఆమె కంటే పన్నెండేళ్లే చిన్న. అయినా ఇద్దరు పెద్ద హీరోలుండగా సినిమాకి గుండమ్మ పేరు పెట్టారు చూడండి, ఆ ధైర్యం తర్వాతివాళ్లకి పెద్దగా లేదు.

మగవాళ్ల లెక్క వేరు. 'బడిపంతులు' (1972)లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి, 'వేటగాడు' (1979) నాటికి ఆయన పక్కనే హీరోయిన్. ఏడేళ్లలో మనవరాలు పెద్దదైంది, తాత కుర్రాడయ్యాడు. నిర్మలమ్మ లాంటివాళ్లు మాత్రం బామ్మగా స్థిరపడ్డాక బామ్మగానే మిగిలారు.

నిజంగా వయసు మళ్లిన మనిషిని కథానాయికని చేసిన 'మిథునం' (2012)ని మా పక్కనే, శ్రీకాకుళం జిల్లాలో తీశారు. లక్ష్మికి అప్పుడు అరవై. బాగుంది గానీ, సినిమా సగం ఆవిడ మొగుడికి వండి పెట్టడంతోనే సరిపోతుంది. ఏడేళ్లకి 'ఓ బేబీ'లో అదే లక్ష్మి డెబ్బై ఏళ్ల బేబీ. కథ కొరియాది. ముసలావిడ సరదా తీరాలంటే సమంతగా మారక తప్పలేదు.

టీవీలో నిలిచిపోయిన ముసలావిడ 'చిన్నారి పెళ్లికూతురు' నాయనమ్మ. ఆ పాత్ర మొదలుపెట్టేనాటికి సురేఖా సిక్రీకి అరవై మూడేళ్లు. మొదట కొరకొరలాడి, తర్వాత మెల్లగా మారిన మనిషి. అదీ హిందీ నుంచి డబ్బింగే. మనం సొంతంగా రాసుకున్న సీరియళ్లలో అలాంటి మామ్మ ఎవరంటే నాకైతే ఒక్క పేరూ తట్టడం లేదు.