పీచు ఎవరి పేరూ చెప్పదు: బట్టల పోగుల సాక్ష్యంపై అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్లలో పక్క కుర్చీ ఆయన ఏం చేస్తుంటారని అడిగితే ఫోరెన్సిక్ ల్యాబ్ అంటాను. "అయితే పోస్టుమార్టంలు చేస్తారా?" అంటారు. కాదండీ, బట్టల నుంచి రాలే పీచు చూస్తాననగానే సగం ఉత్సాహం చల్లారిపోతుంది. మిగిలిన సగంతో అడిగే మాటలే ఇవి.

అపోహ: ఒక్క పోగు దొరికితే చాలు, ఎవరు చేశారో తేలిపోతుంది.

తేలదు. ఒక మిల్లులో ఒకే రంగు తొట్టిలోంచి వేల మీటర్ల గుడ్డ వస్తుంది. అందుకే మా రిపోర్టులో ఎంత గట్టిగా రాసినా ఇంతే: "ఈ పీచు ఆ బట్ట నుంచి గానీ, అలాంటిదే మరో బట్ట నుంచి గానీ వచ్చి ఉండవచ్చు." డిఫెన్సు లాయరు ఆ రెండో 'గానీ'ని పట్టుకుంటాడు. పట్టుకోవాలి కూడా.

'అలాంటిదే మరో బట్ట' లోకంలో ఎన్ని ఉన్నాయన్నదే అసలు సంగతి. తెల్ల నూలు పీచు మాకు దాదాపు పనికిరాదు. పంచె, బనియను, దూది, ఆసుపత్రి గాజుగుడ్డ, అన్నిటి నుంచీ రాలేది అదే. జీన్సు ప్యాంటు నీలం కూడా అంతే. ఖాకీ పీచు దొరికితే మరీ తమాషా, శవం దగ్గరికి ముందుగా వెళ్లేది కానిస్టేబులే కదా.

అరుదైన పీచు అయితే కథ వేరు. అమెరికాలోని అట్లాంటాలో 1979-81 మధ్య వరుసగా పిల్లలు, యువకులు హత్యకు గురయ్యారు. చాలా శవాల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ నైలాన్ పీచు కనబడింది. అడ్డంగా కోసి చూస్తే మూడు రెక్కలు, అందులో రెండు పొడుగు, ఒకటి పొట్టి. మామూలుగా కనబడే ఆకారం కాదు. పీచు తయారుచేసిన కంపెనీ నుంచి దాన్ని కొన్న కార్పెట్ కంపెనీ దాకా ఆరా తీస్తే, ఆ పీచుతో ఆ రంగు కార్పెట్ ఒక ఏడాది మాత్రమే తయారుచేసినట్టు తేలింది. నిందితుడు వేన్ విలియమ్స్ పడకగదిలో ఉన్నది అలాంటి కార్పెటే. అట్లాంటా ప్రాంతంలో 7,792 ఇళ్లకు ఒక దానిలో అది ఉండవచ్చని నిపుణులు లెక్క కట్టారు. 1982లో వాళ్లలో ఇద్దరు యువకుల హత్యలకు అతనికి శిక్ష పడింది. తాను నిర్దోషినని అతను చెబుతూనే ఉన్నాడు.

ఆ 7,792 చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అలాంటి కార్పెట్ ఎన్ని ఇళ్లలో ఉండవచ్చో చెప్పే అంకె అది. అతను నేరం చేశాడా లేదా అన్నదానికి కొలత కాదు. పైగా అందులో ఊహలు చాలా ఉన్నాయి. నన్నడిగితే ఆ అంకె కన్నా బలమైన మాట వేరే ఉంది. అతని ఇంట్లోని దుప్పటి పీచు, కుక్క వెంట్రుకల్లాంటివి కూడా శవాల మీద ఆ కార్పెట్ పీచుతో కలిసి కనబడ్డాయి. ఒక్క పోగు కన్నా ఇలాంటి గుంపుకే విలువ ఎక్కువ.

అపోహ: రంగు కలిసిందంటే ఒకే బట్ట.

మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లే ఆడవాళ్లను అడగండి. ట్యూబ్‌లైటు కింద చీరతో చక్కగా కలిసిపోయిన జాకెట్ ముక్క, గుమ్మం బయట ఎండలో పెడితే వేరే రంగు. రెండు వేర్వేరు రంగు మందులు ఒక వెలుగులో కంటిని మోసం చేయగలవు. అందుకే కంటితో ఆగం. రెండు పీచుల్నీ పోలిక మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెడతాం, ఆ తర్వాత ఏ తరంగదైర్ఘ్యపు వెలుగును ఎంత పీల్చుకుంటుందో స్పెక్ట్రోఫొటోమీటరుతో గీత గీయిస్తాం.

అసలు అది ఏ పీచన్నది అంతకు ముందే తెలిసిపోతుంది. పత్తి నలిగి మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది, ఉన్ని మీద చేప పొలుసుల్లాంటివి కనబడతాయి. పాలిస్టర్ నున్నటి గాజుకడ్డీ, చాలాసార్లు లోపల నల్లటి చుక్కలతో. మెరుపు తగ్గడానికి కలిపే టైటానియం డయాక్సైడు ఆ చుక్కలు.

పోచంపల్లి చీర వస్తే మాత్రం మాకు పని రెట్టింపు. నేతకు ముందే పోగును కట్టి రంగులద్దుతారు కాబట్టి ఒకే పోగు మీద జానెడు దూరంలో ఎరుపు, నలుపు, తెలుపు ఉంటాయి. ఒక్క చోట నమూనా తీసి "కలవలేదు" అని రాస్తే తప్పు రాసినట్టే.

అపోహ: కాల్చి వాసన చూసి చెప్పేస్తారు.

అది పట్టు కొనేవాళ్ల పద్ధతి. నా దగ్గరున్నది అర సెంటీమీటరు పీచు, కాలిస్తే కోర్టుకి ఏం చూపించను?

అపోహ: పీచు దొరకలేదంటే తాకనే లేదు.

స్వెట్టరు చేయి తగిలితే చాలు రాలుతుంది, నున్నటి నైలాన్ జర్కిన్ గట్టిగా రుద్దినా వదలదు. వేసుకుని తిరిగే బట్ట మీద పడ్డ పీచులో ఎక్కువ భాగం మొదటి కొద్ది గంటల్లోనే రాలిపోతుందని 1975లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాల్లో చూశారు. నిందితుడు మూడో రోజున దొరికి, అదే చొక్కాతో తిరిగి ఉంటే మాకు మిగిలేది తక్కువ. కదలని శవం మీద మాత్రం పీచు పడ్డచోటే ఉండిపోవచ్చు.

దొరికినంత మాత్రాన నేరం అనీ కాదు. ఆర్టీసీ బస్సు సీటు మీద కూర్చుని లేస్తే మీ ప్యాంటు మీద ఎందరి బట్టల పీచు ఉంటుందో!

అపోహ: అసలు పనంతా ల్యాబ్‌లోనే.

సగం కేసు నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ చేతుల్లోనే గెలుస్తుంది, లేదా పోతుంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) చెబుతోంది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువు ఉంది. ఎవరు వెళ్లినా చేయాల్సింది ఒకటే. తడి బట్టను నీడలో ఆరబెట్టి, ఒక్కోదాన్ని వేరే కాగితపు కవర్లో పెట్టి సీలు వేయాలి. దులపకూడదు. ఒకరివి ఆరబెట్టిన బల్ల మీద ఇంకొకరివి పరచకూడదు.

ఒకసారి నా బల్ల మీదికి ఒక పాలిథీన్ సంచి వచ్చింది. విప్పగానే బూజు వాసన. లోపల చనిపోయినామె చీర, నిందితుడి చొక్కా ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉన్నాయి. చొక్కా జేబు కుట్టులో ముదురు ఆకుపచ్చ పీచు నాలుగు దొరికింది. చీర పీచుతో రంగు కలిసింది, స్పెక్ట్రం గీత గీతకీ కలిసింది. రిపోర్టులో అదే రాశాను. కింద ఇంకో వాక్యం కూడా రాయాల్సి వచ్చింది: "రెండు వస్తువులూ ఒకే సంచిలో అందాయి."