నివురు కింద నిప్పు

సూర్యాపేట,
2024 సెప్టెంబరు 8

చిట్టితల్లికీ, ఈ ఉత్తరం చదివే నీ స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న చవితి పూజ అయ్యాక ఫోన్లో నువ్వు అడిగిన ప్రశ్న రాత్రంతా నా తలలోనే ఉంది. మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళు మునిగాయి. ఆ ఇళ్ళవాళ్ళకోసం మీ బళ్ళో బియ్యం, దుప్పట్లతోపాటు కథల పుస్తకాలు కూడా పోగుచేస్తున్నారు. "ఇల్లంతా బురదయితే కథలెవరు చదువుతారు తాతయ్యా?" అన్నావు. అన్నమే ముందు తల్లీ, అందులో నాకు రెండో మాట లేదు.

మా చిన్నప్పుడు ఇంట్లో అగ్గిపెట్టె ఉన్నా మా నాయనమ్మ ఊరికే గీయనిచ్చేది కాదు. రాత్రి వంటయ్యాక కాలుతున్న పిడకను పొయ్యిలోనే బూడిద కప్పి ఉంచేది. తెల్లారి పుల్లతో నివురు కదిపితే కింద ఎర్రగా కనిపించేది. పక్కింటివాళ్ళ నిప్పు ఆరిపోతే పిడక పట్టుకొచ్చి మా దగ్గర అంటించుకుపోయేవాళ్ళు. దాంతో మా నిప్పేమీ తరిగేది కాదు. ఒక్కోరోజు మాదే ఆరిపోయేది. అప్పుడు పిడకతో పరిగెత్తడం నా వంతు. వచ్చేటప్పుడు గాలికి అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. గట్టిగా ఊదితే రవ్వలు కంట్లో పడతాయి, ఊదకపోతే ఇంటికొచ్చేసరికి బూడిదే మిగులుతుంది. కథ అంటే నాకు ఆ పిడకే గుర్తొస్తుంది.

ఒక కరువు ఏడు మా నాయన ఎడ్ల జతను అమ్మేశాడు. రోజూ దీపం పెట్టాక పోతన భాగవతం తీసి నాలుగు పద్యాలు చదివే మనిషి, ఆ సాయంత్రం పుస్తకం ముట్టలేదు. ఖాళీ కొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మకు అక్షరం రాదు. నన్ను దగ్గరికి తీసుకుని గజేంద్ర మోక్షం మొదలుపెట్టింది. "అనగనగా ఒక ఏనుగు. మడుగులో మొసలి కాలు పట్టుకుంది. మొసలి లబోదిబోమంది..." నాయన కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి "ఏనుగు మొసలిని పట్టడమేందే!" అంటూ లేచి పుస్తకం తీశాడు. ఆ రాత్రి నేను నిద్రపోయేదాకా చదువుతూనే ఉన్నాడు. అమ్మకు ఆ కథ మొదట్నుంచీ తప్పు లేకుండా వచ్చని నాకు పెద్దయ్యాకే తెలిసింది.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. వట్టికోట ఆళ్వారుస్వామి మన పాత నల్లగొండ జిల్లావాడే. ఒక పంతులుగారింట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేయించి, ఊరూరా తిరిగి తానే అమ్మాడు. నిజాం పాలనను ఎదిరించినందుకు ఆయన్ని నిజామాబాద్ జైల్లో పెట్టారు. కుర్రవాడు దాశరథి కృష్ణమాచార్య కూడా అదే జైల్లో ఉన్నాడు. పద్యాలు రాసుకోవడానికి అక్కడ కాగితమేది? పళ్ళు తోముకునే బొగ్గే కలమైంది, జైలు గోడే కాగితమైంది. బొగ్గంటే ఆరిపోయిన నిప్పే కదా తల్లీ! దాన్ని మళ్ళీ రాజేశారు వాళ్ళు. 1949లో దాశరథి తన పద్యాల పుస్తకం 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు.

తలుపుకు తాళం వేసున్న గదిలో నాలుగు పద్యపాదాలు మనిషిని ఎట్లా నిలబెడతాయో నేను విడమర్చి చెప్పలేను. తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది, అంతే.

నువ్వు మాత్రం అట్టలు ఊడిపోయినవీ, నీకు అక్కర్లేనివీ ఇవ్వకు. నీకు బాగా ఇష్టమైన పుస్తకమే ఇవ్వు. మీ నాన్న బియ్యం బస్తాలతో ఖమ్మం వెళ్ళేటప్పుడు నువ్వూ వెళ్ళు. పుస్తకం చేతికిచ్చి వచ్చేయకు. ఆ పిల్లల పక్కన కూర్చుని మొదటి పేజీ నువ్వే పైకి చదువు. ఎవరూ పలకకపోతే, ఒకచోట కావాలనే తప్పు చదివి చూడు.

మీ తాతయ్య